కృష్ణ అడుగున ఊరు... కళ్ల ముందు జపాన్ బొమ్మ!

కొల్లాపూర్ అనగానే మీకేం గుర్తొస్తుంది? మామిడిపళ్లా? సురభి రాజుల కోటా? సోమశిల దగ్గర సముద్రంలా పరుచుకున్న కృష్ణమ్మా? నాకు మాత్రం ఇకమీదట ఒక జపాన్ కార్టూన్ బొమ్మ గుర్తొస్తుంది. నవ్వకండి. పూర్తిగా చదివాక నవ్వుదురుగాని!

మొన్న కార్తీక మాసంలో హైదరాబాద్ నుంచి కల్వకుర్తి, నాగర్‌కర్నూల్ మీదుగా కొల్లాపూర్ వెళ్లాను. ఒకప్పుడు మహబూబ్‌నగర్ జిల్లా, 2016 నుంచి నాగర్‌కర్నూల్ జిల్లా. అక్కడ మా అమ్మమ్మ ఉంటుంది. ఉంటుందే కానీ, అది ఆవిడ ఊరు కాదు. ఆవిడ అసలు ఊరు కృష్ణ అడుగున ఉంది. ఆ సంగతికి తర్వాత వస్తాను.

బస్సు దిగేసరికి మా మేనమామ కొడుకు బైకుతో సిద్ధం. డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాడు. టీషర్టు మీద అన్నీ జపాన్ అక్షరాలే! "బావా, రాత్రికి నీకో బొమ్మ చూపిస్త. నడుమల నిద్ర పోవద్దు మల్ల" అన్నాడు.

మన కుర్రకారుకి ఈ జపాన్ మోజు ఎంత ముదిరిందో మీకు నేను చెప్పాలా? 2025 సెప్టెంబరులో 'డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ క్యాజిల్' తెలుగు మాటలతోనే మన థియేటర్లకు వచ్చింది. అయితే మావాడు చూపిస్తానన్నది కొత్త సరుకు కాదు. వాడు పుట్టకముందుది!

మిద్దె మీద... జపాన్‌లో

భోజనాలయ్యాక మిద్దె మీద చాప పరిచి, ల్యాప్‌టాప్ తెరిచాడు. బొమ్మ పేరు 'ఘోస్ట్ ఇన్ ది షెల్'. 1995 నవంబరులో జపాన్‌లో విడుదలైంది. మసమునే షిరో 1989లో మొదలుపెట్టిన బొమ్మల కథను మమోరు ఒషీ తెరకెక్కించాడు. నిడివి గంటా ఇరవై రెండు నిమిషాలు. మన సినిమాలో ఇంటర్వెల్ పడే వేళకి అక్కడ శుభం కార్డు!

యంత్రాలు ఆకాశాన్నంటుతుంటే మనుషులు బురదలోనే మిగిలిపోయే రేపటి నగరాల కథల్ని సైబర్‌పంక్ అంటారు. 1988లో కత్సుహిరో ఒటోమో తీసిన 'అకీరా' ఆ బాటలో తొలి పెద్ద బొమ్మ. ఒషీ ఆ బాటలోనే నడిచి, పక్కనున్న చీకటి సందులోకి తిరిగాడు.

కథ 2029లో. నాయిక మొటోకో కుసనగి పోలీసు అధికారిణి. ఆమె ఒళ్లంతా ఫ్యాక్టరీలో తయారైందే. మెదడు ఒక్కటే అసలుది. అదైనా అసలుదేనని ఆమెకు నమ్మకమేమిటి? ఒళ్లు నాది కానప్పుడు, నేను నేనేనా? తుపాకులు పేలుతున్నా, అద్దాలు పగులుతున్నా, బొమ్మంతా నడిచేది ఈ ఒక్క ప్రశ్న మీదే.

విడుదలైనప్పుడు థియేటర్లేమీ బద్దలు కాలేదు. అమెరికాలో వీడియో క్యాసెట్లతో దశ తిరిగింది. 1996లో బిల్‌బోర్డ్ పత్రిక వీడియో అమ్మకాల పట్టికలో మొదటి స్థానం! వచావ్‌స్కీలు నిర్మాత జోయెల్ సిల్వర్‌కి ఈ బొమ్మ చూపించి, ఇలాంటిది మేం నిజం మనుషులతో తీస్తామన్నారు. అలా వచ్చిందే 1999 నాటి 'ది మ్యాట్రిక్స్'. తెర మీద జలజలా రాలే పచ్చ అక్షరాలు, మెడ వెనక గుచ్చే తీగలు... వాటి పుట్టిల్లు ఇదే. 2017లో హాలీవుడ్ స్కార్లెట్ జొహాన్సన్‌తో దీన్నే మళ్లీ తీసింది. అయినా ఈనాటికీ జనం తలుచుకునేది పాత బొమ్మనే.

ఎందుకు? నాకు తోచింది చెబుతాను. సినిమా నడిమధ్యలో మాటల్లేని మూడు నిమిషాలున్నాయి. హాంగ్‌కాంగ్ నమూనాగా గీసిన నగరం, వాన, కాలవలు, వాటి మీద పడవ. ఆ పడవలో వెళుతూ కుసనగి తలెత్తి చూస్తే, అద్దాల వెనక అచ్చం తన ముఖమే ఉన్న ఇంకో ఆడమనిషి. కెంజి కవాయి ఇచ్చిన బృందగానం తప్ప ఇంకో చప్పుడు లేదు. ఫైటింగులు మర్చిపోతాం గానీ, ఆ పడవని మర్చిపోలేం.

విప్పి కట్టిన గుళ్లు

మర్నాడు సోమశిల. కార్తీకం కదా, రేవులో స్నానాలు, దీపాలు, జనం. శ్రీశైలం ప్రాజెక్టు పూర్తి మట్టం 885 అడుగులు. ఆ జలాశయం వెనక నీళ్లే ఇక్కడిదాకా తన్నుకొస్తాయి. మేమూ పడవెక్కాం. నడి నీళ్లలోకి వచ్చాక పడవ నడిపే పెద్దాయన వేలు చూపించాడు. "అగో, ఆ ఒడ్డు దిక్కు సంగమేశ్వరం సార్. ఇప్పుడైతే సామి నీళ్లల్లనే ఉన్నడు. ఎండకాలం నీళ్లు దిగినంక పైకొస్తడు."

ఏడాదిలో ఎక్కువ నెలలు ఆ గుడి మునిగే ఉంటుంది. కానీ ఈ ఒడ్డున సోమశిల గుళ్ల కథ వేరు. ప్రాజెక్టులో మునుగుతాయని వాటిని విప్పి, మిట్టకు తెచ్చి మళ్లీ కట్టారు. జటప్రోలు మదనగోపాలస్వామి గుడినీ అలాగే తరలించారు. కూడవెల్లి సంగమేశ్వరాలయమైతే ఏకంగా అలంపురం చేరింది. రాయి రాయికీ నంబరు వేసి, ఏ రాయి ఎక్కడిదో అక్కడే పేర్చడం ఆ పని పద్ధతి.

మావాడు గుడి స్తంభం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. "బావా, అన్ని విప్పి మల్ల వెట్టిన్రు కదా. మరి గిది పాత గుడా, కొత్త గుడా?"

నా దగ్గర జవాబు లేదు. రాత్రి చూసిన బొమ్మలో కుసనగి అడిగింది సరిగ్గా ఇదే కదా!

చాటలో ఊరు

ఇంటికొచ్చేసరికి అమ్మమ్మ అరుగు మీద బియ్యం ఏరుతోంది. ఆ ప్రశ్నే ఆవిడ ముందు పెట్టాం. చాట మీది నుంచి చూపు తిప్పకుండానే చెప్పింది.

"దేవునికేంది బిడ్డా, పిలిస్తె వస్తడు. సామి మిట్టకొచ్చిండు. నేనే ఇంకా రాలే. కలొస్తె గా ఇంట్లనే వస్తది."

1981 వేసవిలో ముంపు ఊళ్లను ఖాళీ చేయించి, ఇళ్లు పడగొట్టారు. గుళ్లకు నంబర్లు వేశారు సరే, మనుషుల ఇళ్లకు వేసిందెవరు?

బొమ్మలో ఒక చెత్త లారీ డ్రైవరు ఉంటాడు. తనకు పెళ్లాం, కూతురు ఉన్నారని గాఢంగా నమ్ముతాడు. ఎవరో అతని బుర్రలో దొంగ జ్ఞాపకాలు ఎక్కించారు. అతను కూతురిదని మురిసిపోయే ఫోటోలో నిజానికి ఉన్నది అతనూ, ఒక కుక్కా! అతనికి ఫోటో ఉంది, జ్ఞాపకం అబద్ధం. మా అమ్మమ్మ జ్ఞాపకం నిజం, ఆ ఊరి ఫోటో ఒక్కటీ లేదు.

"నాయనమ్మా, మనిల్లు ఏడుండె?" అన్నాడు మావాడు. వాడు ఆ మాట అడగడం అదే మొదటిసారట. ఇరవై ఏళ్లొచ్చాయి!

అమ్మమ్మ బియ్యం ఒక పక్కకి నెట్టింది. ఏరి పక్కన పెట్టిన రాళ్లని ఒక్కొక్కటే చాటలో పెట్టడం మొదలెట్టింది. "ఇది మనిల్లు. ఇది చింతచెట్టు. ఈడ బాయి. ఇది మీ చిన్నతాతోళ్ల ఇల్లు... కాదు కాదు, ఇంకా జర ఇటు." రాయిని జరిపింది. సందు సందూ, గడప గడపా వచ్చింది. రాళ్లు చాలకపోతే నాలుగు వడ్లగింజలు తోడు పెట్టింది.

మావాడు ఫోన్ తీసి, చాట మీదికి వంగి ఫోటో తీశాడు. ఆ ఊరికి ఫోటో అంటూ దిగడం అదే మొదలు.

'ఘోస్ట్ ఇన్ ది షెల్' చూడండి. వీలైతే పెద్ద తెర మీద చూడండి. ముప్పై ఏళ్లయినా పాతబడని బొమ్మ. చూశాక సోమశిల వెళ్లి పడవెక్కండి. ఇంటికొచ్చి, మీ పెద్దవాళ్లని ఒక్క ప్రశ్న అడగండి.

కార్టూన్ బొమ్మేమిటి, కొల్లాపూరేమిటి అని ఇప్పుడు నవ్వండి... నవ్వొస్తే!