బండి మీటర్‌ల పసుపు లైటు వెలుగుతుంటే ఊకోకండి



మన ఇచ్చోడ దిక్కు పాత పికప్పులు చానామందికి ఉన్నయి. అందుకే నా తప్పు నేనే చెప్పుకుంటున్న.

నా బండి మీటర్‌ల ఏబీఎస్ అనే పసుపు లైటు 6 నెలల సంది వెలుగుతనే ఉండె. బ్రేకు మంచిగనే పడుతుండె గదా అని ఊకున్న. తెలిసినాయన ఒకరు "ఆ బల్బు పీకెయ్, కంటికి కనపడది" అన్నడు. పీకలేదు గని పట్టించుకోలేదు.

పోయినేడు సోయా లోడుతోని ఆదిలాబాద్ మార్కెట్ యార్డుకు పోతున్న. పక్క సీట్ల మనవడు. గుడిహత్నూర్ దాటినంక సన్నగ వాన మొదలైంది. ఉన్నట్టుండి ఒక ఎద్దు రోడ్డెక్కింది. బ్రేకు గట్టిగ తొక్కిన. చక్రాలు పట్టేసినయి, బండి మాత్రం జారుతనే ఉన్నది. స్టీరింగ్ తిప్పితే బండి తిరుగలేదు. ఎద్దుకు మూరెడు దూరంల ఆగింది. మనవడు ఏడ్వలేదు, నా చెయ్యి పట్టుకొని సప్పుడు చేయకుండ కూసున్నడు.

ఏబీఎస్ పని అక్కడనే ఉంటది. గట్టిగ తొక్కినప్పుడు చక్రం పూర్తిగ పట్టేయకుండ, సెకనుకు చాలాసార్లు బ్రేకును వదిలి పట్టుకుంటది. ముందు చక్రం తిరుగుతుంటేనే బండి స్టీరింగ్ మాట వింటది. లైటు వెలుగుతున్నదంటే ఆ పని బందైనట్టు, మామూలు బ్రేకు ఒక్కటే మిగిలినట్టు.

తెల్లారి ఒక షెడ్డుకు పోతే, బండి కింద చూడకుండనే "మాడ్యూల్ పోయింది, మార్చాలె" అన్నరు. ఆ ధర నా పత్తి విత్తనాల ఖర్చు కంటే ఎక్కువ. ఇంకో మెకానిక్ దగ్గరికి పోయిన. ఆయన ముందుగాల స్కానర్ పెట్టిండు. ముందు ఎడమ చక్రం సెన్సర్ నుంచి సిగ్నల్ వస్తలేదని చూపించింది. మాది తీగ చుట్టిన పాత రకం సెన్సర్. మల్టీమీటర్ పెడితే కుడి దిక్కు రీడింగ్ వచ్చింది, ఎడమ దిక్కు రాలేదు. నల్లరేగడి మట్టి కడిగి చూస్తే, స్టీరింగ్ తిరిగినప్పుడల్లా వంగే జాగల వైరు లోపల తెగి ఉన్నది. వైరుతోని కలిపి సెన్సర్ మార్చినం. లైటు ఆరిపోయింది. మాడ్యూల్ ధరల పదో వంతు గూడ కాలేదు.

మీ బండికి గిట్లయితే వరుసగ చూడండి:

1. ఎర్ర బ్రేకు లైటు గూడ కలిసి వెలిగితే బండి కదపొద్దు. ముందు బ్రేకు ఆయిల్ చూడండి.
2. ఫ్యూజు, బ్యాటరీ టెర్మినళ్లు చూడండి.
3. చక్రాల దగ్గర సెన్సర్ వైరు చూడండి. సెన్సర్ కొనకు ఇనుప పొడి, మట్టి పట్టిందా, పండ్ల రింగు పగిలిందా చూడండి.
4. టైర్లన్నీ కంపెనీ చెప్పిన సైజులనే ఉండాలె. ఒకటి వేరేదైతే చక్రాల వేగం లెక్క తప్పుతది.
5. స్కానర్ పెట్టకుండ పెద్ద సామాను కొనకండి.

బాగైనంక ఖాళీ జాగల మెల్లగ పోతూ గట్టిగ తొక్కి చూసిన. పెడల్ కాలి కింద గడగడ వణికింది. అది ఖరాబు కాదు, ఏబీఎస్ పని చేస్తున్నట్టు. భయపడి కాలు తీయొద్దు, పంపు కొట్టినట్టు కొట్టొద్దు, తొక్కే ఉంచాలె.

ఇప్పుడు బండి ఎక్కంగనే మా మనవడు మీటర్ చూసి "తాతా, లైటు ఆరింది, పోదాం" అంటడు. చిన్నపిలగాడు చూసేది నేను 6 నెలలు చూడలేదు. మీరు రేపు పొద్దున్నే చూడండి.