జబ్బు తగ్గాక పట్టుకున్న బెంగ

ఈ నెల పత్రికకు "ఆరోగ్యం మీద ఏదైనా రాసి పెట్టండి డాక్టరుగారూ" అని సంపాదకులు అడిగారు. మధుమేహం గురించో, రక్తపోటు గురించో రాయడం తేలిక. కాని ఈసారి డాక్టరుగా కాక రోగిగా నాలుగు ముక్కలు రాయాలనిపించింది. మన సంఘంలో ఇలాంటి అనుభవం ఉన్నది నాకొక్కదానికే కాదని నాకు తెలుసు.

రెండేళ్ళ కిందట, నాకు 34 ఏళ్ళప్పుడు, మెడలో చిన్న గడ్డ కనిపించింది. సూదితో తీసి పరీక్ష చేస్తే పాపిల్లరీ థైరాయిడ్ కాన్సర్ అని తేలింది. పక్కనున్న లింఫ్ గ్రంథులకు కూడా కొంచెం పాకింది. థైరాయిడ్ కాన్సర్లలో ఎక్కువ భాగం ఈ రకమే. మెడ దాటకముందే పట్టుబడితే ఐదేళ్ళ తరువాత కూడా నూటికి 98 మందికి తక్కువ కాకుండా బతికే ఉంటారు. గుంటూరులో చదువుకునే రోజుల నుంచీ నాకు తెలిసిన సంగతే ఇది: సరిగా వైద్యం చేస్తే లొంగే జబ్బు. అందుకే చూడవచ్చిన వాళ్ళంతా "రావలసి వస్తే ఇలాంటి మంచి కాన్సరే రావాలి" అన్నారు. వాళ్ళ ఉద్దేశం మంచిదే. కాని రాత్రి రెండు గంటలకు మెలకువ వచ్చినప్పుడు, పక్కన ఐదేళ్ళ పాప నిద్రపోతున్నప్పుడు, ఆ 98 మంది గుర్తుకు రారు. మిగిలిన ఇద్దరే గుర్తుకొస్తారు.

ఆపరేషన్ చేసి గ్రంథి మొత్తం తీసేశారు. కొన్నాళ్ళు కాల్షియం తగ్గి వేళ్ళు తిమ్మిరెక్కేవి. తరువాత రేడియో అయోడిన్. దానికి ముందు రెండు వారాలు అయోడిన్ కలిపిన ఉప్పు, పాలు, పెరుగు, చేపలు అన్నీ బంద్. పెరుగన్నం లేకుండా రెండు వారాలంటే మన వాళ్ళకు వేరే చెప్పాలా! ఊరి నుంచి వచ్చిన ఆవకాయలో ఏ ఉప్పు వేశారో తెలియక ఆ జాడీ కూడా అటక ఎక్కింది. మందు మింగాక పై గదిలో ఒంటరిగా ఉన్నాను. ఈ అయోడిన్ 131 శక్తి ఎనిమిది రోజులకు సగమవుతుంది. శరీరం చాలా భాగాన్ని అంతకంటే ముందే బయటికి పంపేస్తుంది. అయినా పసిపిల్లలకు దూరంగా ఉండాలి. మా వారు భోజనం పళ్ళెం గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళేవారు. అత్తయ్యగారు ఫోనులో "మడి కట్టుకున్నాననుకో అమ్మా" అన్నారు. నవ్వొచ్చింది. పాప మాత్రం తలుపు అవతల కూర్చుని, "అమ్మా, ఇంకా ఎన్ని రోజులు?" అని అడుగుతూనే ఉండేది.

ఇదంతా గడిచింది. స్కాన్ బాగుంది. వంటలు చేసి తెచ్చిన స్నేహితులు ఎవరి పనుల్లో వాళ్ళు పడ్డారు. బెంగ అప్పుడు మొదలయింది. ఆరు నెలలకొకసారి థైరోగ్లోబులిన్ అనే రక్తపరీక్ష చేస్తారు. కాన్సర్ కణాలు మిగిలి ఉంటే ఆ సంఖ్య పెరగవచ్చు. పరీక్షకు వారం ముందు నుంచీ చెయ్యి దానంతటదే మెడ తడుముకునేది. భుజం నొప్పి పుడితే ఎముకకు పాకిందేమోనని, దగ్గు వస్తే ఊపిరితిత్తులకు చేరిందేమోనని అనుమానం. గుండె దడ, చేతుల వణుకు, నిద్ర పట్టకపోవడం.

ఎండోక్రైన్ డాక్టరు నా మాట సాంతం విని, ఈ బెంగను రెండుగా విడదీశారు. ఒకటి మందు వల్ల వచ్చేది. ఆపరేషన్ తరువాత థైరాక్సిన్ కాస్త ఎక్కువ మోతాదులో ఇస్తారు. మెదడు కింది పిట్యూటరీ గ్రంథి నుంచి వచ్చే టి.ఎస్.హెచ్. మిగిలిన కణాలను రెచ్చగొట్టకుండా అణచడానికి అలా చేస్తారు. ఆ మోతాదుకే గుండె దడ, వణుకు, నిద్రలేమి రావచ్చు. 2015లో అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, చికిత్సకు బాగా లొంగిన వాళ్ళలో చాలామందికి అంతగా అణచనక్కరలేదు. నా పరీక్షలు చూసి మోతాదు తగ్గించారు. రెండు నెలల్లో నిద్ర తిరిగి వచ్చింది. ఇది చదివి ఎవరూ సొంతంగా మందు తగ్గించుకోవద్దు, డాక్టరును అడగండి. ఇంకో మాట: ఈ మాత్ర పరగడుపున మంచినీళ్ళతో వేసుకుని, కాఫీకి కనీసం అరగంట ఆగాలి. ఐరన్, కాల్షియం మాత్రలకు నాలుగు గంటలు ఎడం ఉండాలి. జుట్టు కోసం బయోటిన్ వాడేవాళ్ళు పరీక్షకు రెండు రోజుల ముందే ఆపాలి. లేకపోతే అంకెలు తప్పుగా వచ్చి లేనిపోని భయం పట్టుకుంటుంది.

రెండోది మనసుది. దానికి కౌన్సెలర్ దగ్గరకు వెళ్ళాను. మన వాళ్ళలో "పిచ్చి డాక్టరు దగ్గరికా?" అనే వాళ్ళు ఇంకా ఉన్నారు. అక్కడ నేర్చుకున్నవి చిన్న విషయాలే. భయాన్ని రోజంతా మొయ్యకుండా సాయంత్రం పదిహేను నిమిషాలు దానికి కేటాయించి, ఉన్నదంతా కాగితం మీద పెట్టడం. మెడలో కొత్తగా గడ్డ తగిలినా, గొంతు మారినా వెంటనే ఫోన్ చెయ్యడం, మామూలు నొప్పులకు రెండు వారాలు గడువివ్వడం. పరీక్ష ఫలితం పనిలో ఉండగా ఒంటరిగా చూడకుండా, పాప పడుకున్నాక మా వారూ నేనూ కలిసి చూడడం. భయం పూర్తిగా పోలేదు. కాని ఇల్లంతా ఆక్రమించడం మానేసింది.

ఇక మన వాళ్ళ సంగతి. "ఎవరితోనూ అనకు, రేపు పాప పెళ్ళికి అడ్డమవుతుంది" అని ఒక పెద్దావిడ హితవు చెప్పారు. పాపిల్లరీ రకం చాలావరకు వంశపారంపర్యం కాదు. మెడల్లరీ అనే అరుదైన రకంలో కొంత భాగం మాత్రం కుటుంబాల్లో వస్తుంది. దాచిపెడితే జబ్బు తగ్గదు, ఆ ఇంట్లో మనిషి ఒంటరి అవుతుంది, అంతే. నాకు ఎక్కువ మేలు చేసిన స్నేహితురాలు ఒక్క ధైర్యవచనమూ చెప్పలేదు. పరీక్ష రోజు తెలుసుకుని వచ్చింది, పాపను బడి నుంచి తీసుకొచ్చింది, నాతో కూర్చుని ఉతికిన బట్టలు మడతపెట్టింది.

కనుక సభ్యులకు నా మనవి. మీకు తెలిసిన వాళ్ళెవరైనా చికిత్స ముగించుకుని ఇంటికి వస్తే, వాళ్ళ తరువాతి పరీక్ష తేదీ మీ కాలెండర్‌లో రాసుకోండి. ఆ రోజు ఒక్క ఫోన్ చెయ్యండి. మీరే ఆ పరీక్ష కోసం ఎదురుచూస్తున్న వారైతే నాకు చెయ్యండి. రాత్రి ఎనిమిదిన్నర తరువాత, మా పాప పడుకున్నాక, తీరిగ్గా మాట్లాడుకుందాం.