ఒక మాట - పలు నడకలు

ఆంగ్ల భాషలో కొన్ని చిన్న మాటలు చూడడానికి తేలికగా కనిపిస్తాయి. వాడుకలోకి దిగినప్పుడే వాటి లోతు తెలుస్తుంది. 'స్లో డౌన్' అటువంటి మాట. 'స్లో' అంటే మెల్లగా, 'డౌన్' అంటే కిందికి. రెండూ కలిస్తే మాత్రం 'మెల్లగా కిందికి' అని అర్థం కాదు. వేగం తగ్గడం, తగ్గించడం అని అర్థం. విచిత్రమేమంటే, 'డౌన్' స్థానంలో పైకి అనే అర్థమున్న 'అప్' చేర్చి 'స్లో అప్' అన్నా దాదాపు అదే అర్థం వస్తుంది.

బడి దగ్గర, మలుపు దగ్గర ఈ మాట రాసిన పలక కనబడితే బండి వేగం తగ్గించాలి. గబగబా మాట్లాడేవానితో ఇదే మాట అంటే, మాటకూ మాటకూ మధ్య వ్యవధి ఇవ్వమని భావం. తెలుగులో 'మెల్లగా మాట్లాడు' అంటే గొంతు తగ్గించమనే అర్థం కూడా వస్తుంది. కనుక ఇక్కడ 'నిదానంగా' అనడమే మేలు.

వార్తాపత్రికలలో ఈ రెండు మాటలూ కలిసి 'స్లోడౌన్' అనే నామవాచకం అవుతాయి. వ్యాపారం, ఉత్పత్తి మునుపటంత వేగంగా పెరగడం లేదని దాని భావం. దీనిని తెలుగు పత్రికలు 'మందగమనం' అంటాయి. పెరుగుదల పోయి తరుగుదల కొంతకాలం సాగితే అది 'మాంద్యం'. అమెరికాలో కార్మికులు సమ్మె కట్టకుండా, యంత్రాల దగ్గరే ఉండి, కావాలని పని తగ్గించి నిరసన తెలపడాన్ని కూడా 'స్లోడౌన్' అంటారు. బ్రిటన్‌లో దానిపేరు 'గో స్లో'. మొదటిది దానంతట అది జరిగేది; రెండవది మనుషులు పూనుకొని చేసేది.

ఇంట్లో ఆంగ్లం చదివినవాడు ఒక్క మనుమడే అయినప్పుడు ఈ తేడా తెలియడం ఎంతో అవసరం. సోలాపూరులో మరమగ్గం మీద పనిచేసే ఒక పెద్దాయనకు గుండె బలహీనపడిందనుకుందాం. వైద్యుడు 'స్లో డౌన్' అన్నాడు. "తాతా, నిన్ను మెల్లగా నడవమన్నారు" అని మనుమడు తెలుగులో చెప్పాడు. తాత మెల్లగానే నడిచి షెడ్డుకు వెళ్లి, ఎప్పటిలాగే రెండు పూటలా మగ్గం ముందు నిలబడ్డాడు. వైద్యుడు చెప్పింది నడక గురించి కాదు. పని తగ్గించుకొని విశ్రాంతి తీసుకోమని. మనుమడు చెప్పిన మాటలో వ్యాకరణ దోషం లేదు. కాని తాతకు అందవలసిన హెచ్చరిక అందలేదు.

ప్రాచీన ఆంగ్లంలో 'స్లో'కు మూలమైన పదానికి సోమరి, బుద్ధి చురుకు లేనివాడు అనే అర్థాలుండేవి. తెలుగులో 'మందబుద్ధి' అన్నప్పుడు కూడా ఆ నిందే వినిపిస్తుంది. అయితే వేగం తగ్గడం ప్రతిచోటా లోపం కాదు. కర్ణాటకలోని కైగా అణువిద్యుత్ కేంద్రంలో న్యూట్రాన్ల వేగాన్ని భారజలం తగ్గిస్తుంది. వేగం తగ్గిన న్యూట్రాన్లే యురేనియం 235 పరమాణువులను సులువుగా చీల్చగలవు. ఇటలీలో కార్లో పెట్రినీ మొదలైనవారు 1986లో ప్రారంభించిన ఆహార ఉద్యమానికి 'స్లో ఫుడ్' అనే ఆంగ్ల నామమే స్థిరపడింది. దాని గుర్తు నత్త. ఒకనాటి నింద అక్కడ ప్రశంస అయింది.

తెలుగువారి 'నెమ్మది' అనే మాటలో ఆ ప్రశంస ఎప్పటినుంచో ఉంది. బండి నెమ్మదిగా వెళ్తుంది, జ్వరం నెమ్మదిస్తుంది, మనసు నెమ్మదిపడుతుంది. వేగం తగ్గడం, బాధ తగ్గడం, శాంతి కలగడం - మూడూ ఆ ఒక్క మాటలో ఇమిడి ఉన్నాయి.

కాబట్టి ఒక భాషలోని మాటను మరొక భాషలోకి తెచ్చేవాడు నిఘంటువు తెరిచే ముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి: ఎవరు అన్నారు? ఎవరితో అన్నారు? ఎందుకు అన్నారు? వీటికి జవాబు దొరికితే తగిన తెలుగు మాట తనంతట తానే నోటికి వస్తుంది. నిదానమే ప్రధానమన్న పెద్దల మాట అనువాదానికీ వర్తిస్తుంది.