రిసెప్షన్‌కు వెళ్ళే మగవారి దుస్తులు

తెలుగువారి పెళ్ళిలో ముహూర్తానికి ఒక పద్ధతి, రిసెప్షన్‌కు ఒక పద్ధతి. జీలకర్రబెల్లం, మంగళసూత్రధారణ, తలంబ్రాలు పురోహితుడు చెప్పిన వేళకు, చెప్పిన క్రమంలో జరిగిపోతాయి. రిసెప్షన్ కొత్త దంపతులను స్టేజీ మీద కూర్చోబెట్టి, బంధుమిత్రులందరికీ చూపించి, కడుపునిండా భోజనం పెట్టే సాయంత్రం. ఎక్కువగా మగపెళ్ళివారు ఇస్తారు. పెళ్ళికి ముందురోజో, పెళ్ళయిన ఒకటి రెండు రోజులకో ఉంటుంది. పీటల మీద కూర్చునేవారు ఏం కట్టుకోవాలో సంప్రదాయమే చెబుతుంది. రిసెప్షన్‌కు వచ్చేవారి విషయంలో అలాంటి కట్టుబాటు లేదు, ఎవరికి తోచింది వారు వేసుకోవచ్చు. ఆడవారి చీరల సంగతి నెల ముందే తేలిపోయే ఇళ్ళలో కూడా మగవారి బట్టలు బయల్దేరే పూట దాకా బీరువాలోంచి బయటికి రాకపోవడానికి ఈ స్వేచ్ఛే కారణం. పిలిచినవారు ఇంటికొచ్చి, బొట్టు పెట్టి, శుభలేఖ చేతికిచ్చి మరీ పిలుస్తారు. ఆ పిలుపుకు తగ్గట్టు తయారై వెళ్ళడం వారికి ఇచ్చే మర్యాద. బట్టల ధర ఆ తరవాతి సంగతి.

ఎంపికలో మొదట చూసుకోవలసింది వరస. పెళ్ళికొడుకు అన్నదమ్ములు, బాబాయిలు, మేనమామలు, బావలు ఆ సాయంత్రం అతిథులు కారు. గుమ్మం దగ్గర నిలబడి వచ్చినవారిని పలకరించేదీ, భోజనాల దగ్గర అడిగి వడ్డింపించేదీ వారే. కాబట్టి పట్టుపంచె అయినా, షేర్వాణీ అయినా, సూటు అయినా వారు నిండుగా వేసుకోవచ్చు, వేసుకోవాలి కూడా. ఆఫీసు స్నేహితులు, ఇరుగుపొరుగువారు, దూరపు బంధువులు అంతకంటే ఒక మెట్టు తగ్గి ఉంటే అందం. పెళ్ళికొడుకు ఏం వేసుకుంటున్నాడో ముందే కనుక్కోవడం దగ్గరివారికి చాలా అవసరం. అతను మెరూన్ షేర్వాణీ వేసుకునే రోజున తమ్ముడు కూడా అదే రంగులో, అంతే జరీపనితో స్టేజీ ఎక్కితే ఫోటోల్లో ఎవరి పెళ్ళో తెలియకుండా పోతుంది. పెళ్ళిలో పెట్టిన బట్టల సంగతి మరొకటి. వియ్యాలవారు పెట్టిన పంచెల చాపునో, ప్యాంటు షర్టు గుడ్డనో వీలుంటే కుట్టించి రిసెప్షన్ నాటికి వేసుకుంటే పెట్టినవారి మనసు నిండుతుంది. కొత్త వియ్యంకుల మధ్య ఇలాంటి చిన్న పనులే మాట కలుపుతాయి.

రెండోది కాలం. ఆషాఢం, పుష్యం, మూఢాలు పోను ముహూర్తాలు ఎక్కువగా మాఘ ఫాల్గుణాల్లో, వైశాఖ జ్యేష్ఠాల్లో, శ్రావణంలో, కార్తీక మార్గశిరాల్లో పడతాయి. వైశాఖమంటే విజయవాడలోనైనా వరంగల్‌లోనైనా సాయంత్రం ఏడు దాటినా నేల సెగలు కక్కుతూనే ఉంటుంది. ఆ రోజుల్లో ఆరుబయట లాన్‌లో జరిగే విందుకు లోపల అస్తరు వేసిన కోటు వేసుకుంటే భోజనం దాకా ఆగడమే కష్టం. నూలు లాల్చీ, పల్చటి నూలు పంచె, నారబట్ట చొక్కా ఆ ఎండకు తగినవి. శ్రావణంలో వాన గండం ఉంటుంది. లాన్‌లో బురద ఉంటే నేలను తాకే తెల్లపంచె అంచు నిమిషాల్లో పాడవుతుంది. మాఘమాసపు చలి రాత్రి, లేదా ఏసీ గట్టిగా నడిచే ఫంక్షన్ హాలు, సూటుకూ షేర్వాణీకీ అనువైన చోటు. శుభలేఖలో తేదీ చూసినట్టే వేదిక కూడా చూసుకుంటే సగం ఎంపిక అయిపోయినట్టే.

తెలుగు మగవాడి ఒంటికి వందల ఏళ్ళుగా అలవాటైన బట్ట పంచె. రిసెప్షన్‌కు మళ్ళీ దానికి ఆదరణ పెరగడం సంతోషించదగ్గ విషయం. పంచెల్లో నాలుగు మూరలవీ, ఎనిమిది మూరలవీ ఉంటాయి. నాలుగు మూరలది ఒక చుట్టుకే వస్తుంది. లోపలి నీడ కనిపించకుండా, నడిచినప్పుడు తొలగకుండా ఉండాలంటే ఎనిమిది మూరలది రెండు పొరలుగా కట్టుకోవడం మేలు. అడ్డకట్టు తేలిక: పంచెను వెనకనుంచి నడుముకు చుట్టి, ఒక కొస మీద రెండో కొస వేసి, జరీ అంచు ముందుకు నిలువుగా వచ్చేలా సర్ది, పైఅంచును లోపలికి చుట్టి దోపుతారు. గోచీకట్టుకు కాస్త అలవాటు కావాలి. పంచె మధ్యభాగాన్ని నడుము వెనక పట్టుకుని, రెండు వైపులనూ ముందుకు తెచ్చి బొడ్డు దగ్గర బిగిస్తారు. ఒక కొసను కుచ్చెళ్ళు పోసి కాళ్ళ మధ్యనుంచి వెనక్కి తీసి నడుము దగ్గర దోపుతారు. రెండో కొసను కుచ్చెళ్ళు పోసి ముందు దోపుతారు. పాతతరంవారికి మొలతాడే బెల్టు. అది లేనివారు పంచె మీద పల్చటి బెల్టు బిగించుకుని పైఅంచును దాని మీదికి మడుచుకుంటే విందు అయ్యేదాకా జారదు. కట్టిన పంచె చీలమండను తాకుతూ ఉండాలి. పైకి ఉంటే పొలం పనికి వెళ్ళినట్టు, కిందికి ఉంటే కాళ్ళకు అడ్డం పడుతుంది. అలవాటు లేనివారు ఇంట్లో ఒకసారి కట్టుకుని, మెట్లెక్కి దిగి, కింద కూర్చుని లేచి చూసుకోవాలి. స్టేజీ ఎక్కడానికి మెట్లు ఉంటాయన్నది మరిచిపోకూడదు. వెల్క్రో అంటించిన పంచెలు ఇప్పుడు అన్ని పట్టణాల్లో దొరుకుతున్నాయి. కట్టడం రానివారు వాటిని వాడుకోవడంలో తప్పేమీ లేదు.

పంచె బట్టలో ఎంపిక విశాలం. శ్రీకాకుళం జిల్లా పొందూరులో కొండపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో శుభ్రం చేసి, సన్నటి నూలు వడికి నేసే ఖద్దరు పంచెలు మెత్తదనానికి పేరుపొందినవి. అక్కినేని నాగేశ్వరరావు వాటినే ఇష్టంగా కట్టేవారు. మంగళగిరి నేతలో నూలు గట్టిగా, అంచు నిండుగా ఉంటుంది. పట్టుపంచె కొనేటప్పుడు సిల్క్ మార్క్ చీటీ చూసుకోవాలి. చీటీ లేకపోతే అంచు దగ్గర ఒక పోగు లాగి కాలిస్తే తెలిసిపోతుంది: అసలు పట్టు వెంట్రుక కాలిన వాసన వచ్చి నలిపితే బూడిద అవుతుంది, పాలియెస్టర్ కరిగి గట్టి ఉండగా మిగులుతుంది. పంచె మీదికి లాల్చీ మోకాళ్ళకు కొద్దిగా పైదాకా వచ్చేది బాగుంటుంది. ఉత్తరీయాన్ని సన్నగా మడిచి ఎడమభుజం మీద వేసుకుంటే పెద్దరికం వస్తుంది. పి.వి.నరసింహారావు, వై.ఎస్.రాజశేఖరరెడ్డి పంచెకట్టుతోనే దేశమంతా తిరిగారు. ఏ పెద్ద సభకూ అది తక్కువ వేషం కాదనడానికి అంతకంటే రుజువు అక్కర్లేదు.

హైదరాబాదుకు షేర్వాణీ సొంత బట్ట. ఆసఫ్‌జాహీల కాలంలో దర్బారుకు వెళ్ళే ఉద్యోగులూ వకీళ్ళూ మతంతో పనిలేకుండా షేర్వాణీ తొడిగేవారు. మెడకు నిలబడే కాలరు, మెడనుంచి నడుము దాకా బొత్తాలు, మోకాలి దాకా పొడవు దాని లక్షణాలు. ఇప్పుడు దుకాణాల్లో దొరికేవాటిలో ఎక్కువభాగం పెళ్ళికొడుకుల కోసం జరీ, పూసలు, రాళ్ళతో కుట్టినవి. అతిథికి ఆ బరువు అక్కర్లేదు. పని లేని సాదా షేర్వాణీ, మంచి బొత్తాలతో, చుడీదారు పైజమా మీద ఏ వయసువారికైనా నప్పుతుంది. పొడవు వద్దనుకునేవారికి జోధ్‌పురి కోటు ఉంది. మెడదాకా మూసి ఉండి తుంటి దాకానే వచ్చే ఆ కోటుకు టై అక్కర్లేదు, మామూలు ప్యాంటు మీదికి సరిపోతుంది. లాల్చీ పైజమా మీద చేతుల్లేని కోటు వేసుకోవడం కుర్రవాళ్ళకు తేలికైన దారి. పోచంపల్లి ఇక్కత్ బట్టతో కుట్టించిన చేతుల్లేని కోటు సాదా తెల్లటి లాల్చీకే పండగ కళ తెస్తుంది. అయితే ఇక్కత్ ఒక్కచోటే ఉండాలి. కోటూ లాల్చీ రెండూ పువ్వులూ గళ్ళూ అయితే కంటికి ఆనేది ఏదీ ఉండదు.

సూటులో అందమంతా కొలతలో ఉంది. భుజం కుట్టు భుజపు ఎముక చివర దగ్గరే ఆగాలి. నడుము బిగించడం, చేతి పొడవు తగ్గించడం ఏ దర్జీ అయినా పూటలో చేసిస్తాడు. భుజం సరిచేయడం మాత్రం కోటు మొత్తం విప్పి కుట్టినంత పని. అందుకే కొనేటప్పుడు భుజం సరిపోతే మిగిలినవి చూడాలి, సరిపోకపోతే ఎంత నచ్చినా వదిలెయ్యాలి. కోటు చేతికింద చొక్కా కఫ్ అర అంగుళం కనిపించాలి. టై కొస బెల్టు బకిల్‌ను తాకి ఆగాలి. రెండు బొత్తాల కోటులో పైదే పెట్టుకోవాలి, కిందిది వదిలెయ్యాలి, కూర్చునేటప్పుడు పైదీ విప్పాలి. కొత్త కోటు చేతి మీద కంపెనీ చీటీ కుట్టి ఉంటుంది. వెనక చీలిక రెండు అంచులనూ కలుపుతూ అడ్డంగా దారం వేసి ఉంటుంది. మొదటిది గుర్తుగా, రెండోది రవాణాలో కోటు నలగకుండా వేసినవే. ఆ కుట్లు జాగ్రత్తగా కత్తిరించుకోకుండా స్టేజీ ఎక్కేవారు ప్రతి పెళ్ళిలోనూ కనిపిస్తారు.

పంచె, షేర్వాణీ, సూటు ఏవీ లేనివారు చిన్నబోవలసిన పని లేదు. ఒంటికి కుదిరిన ప్యాంటు, లేతరంగు ఫుల్‌హ్యాండ్స్ చొక్కా, చక్కటి ఇస్త్రీ, మెరిసే బూట్లు ఉంటే ఏ రిసెప్షన్‌కైనా తలెత్తుకు వెళ్ళవచ్చు. ఒకే రాత్రి కోసం అప్పుచేసి సూటు కుట్టించడం కంటే మంచి చొక్కా ఒకటి తీసుకుని నాలుగు శుభకార్యాలకు వాడుకోవడం వివేకం. పెద్ద పట్టణాల్లో సూట్లూ షేర్వాణీలూ అద్దెకూ దొరుకుతాయి. అద్దెకు తెచ్చుకునేవారు ముందురోజే తెచ్చి తొడిగి చూసుకుంటే, కుదరనిదాన్ని మార్చుకునే వ్యవధి ఉంటుంది. కొత్తవి కుట్టించుకునేవారు పెళ్ళిళ్ళ సీజన్‌లో దర్జీకి కనీసం మూడు వారాల ముందే బట్ట ఇవ్వాలి.

రంగు విషయంలో పెద్దల మాట ఒకటి ఇంకా చెల్లుతుంది: శుభకార్యానికి నిండా నలుపు వేసుకోరు. నల్లసూటు నచ్చినవారు ముదురు నీలం, ముదురు బూడిదరంగు తీసుకుంటే ఎవరి మనసూ నొచ్చుకోదు. మీగడరంగు, లేత పసుపు, ఆకుపచ్చ, నెమలికంఠం రంగు దీపాల వెలుగులో బాగుంటాయి. స్టేజీ లైట్లకు తళతళలాడే సాటిన్ బట్ట ఫోటోలో తెల్లటి మచ్చలుగా పడుతుంది. మరీ సన్నటి గళ్ళూ చారలూ వీడియోలో అలలుగా కదులుతున్నట్టు కనిపిస్తాయి. భార్య చీర రంగుతో చొక్కా అచ్చంగా కలవనక్కర్లేదు. చీర అంచులోని ఒక రంగు లాల్చీలోనో టైలోనో ఉంటే ఇద్దరూ కలిసి నడిచి వచ్చినట్టుంటుంది.

చెప్పులూ బూట్లూ బట్టను అనుసరించాలి. పంచెకు తోలు చెప్పులు, షేర్వాణీకి మోజ్రీలు, సూటుకు తాళ్ళ బూట్లు. పంచె కింద స్పోర్ట్స్ షూ ఎంత ఖరీదైనదైనా పొసగదు. కొందరి పెళ్ళిళ్ళలో స్టేజీ మీద పూజాద్రవ్యాలు ఉంటే చెప్పులు విప్పి ఎక్కాలి, కనుక మేజోళ్ళు చిరుగు లేకుండా ఉండాలి. బెల్టు, బూట్లు ఒకే రంగువైతే శుభ్రంగా ఉంటుంది. చదివింపుల కవరు, ఫోను, తాళాలు పెట్టుకోవడానికి జేబు ఎక్కడుందో పంచె కట్టేవారు ముందే చూసుకోవాలి. కుట్టించే లాల్చీకి పక్కజేబులు రెండు పెట్టించుకోవడం దీనికి మందు. అత్తరు ఒక చుక్క చాలు. భోజనాల దగ్గర పక్కవారికి పప్పు వాసన తెలియాలి.

అమెరికాలో, బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగువారి రిసెప్షన్‌లు హోటళ్ళలో జరుగుతాయి. ఆహ్వానం మీదే ఏం వేసుకురావాలో రాసి ఉంటుంది. బ్లాక్ టై అని ఉంటే నల్ల టక్సీడో, బో టై అని అర్థం. అక్కడ నలుపు ఆనవాయితీ, అశుభం కాదు. భారతీయ దుస్తులు అని ఉంటే లాల్చీ, జోధ్‌పురి, షేర్వాణీ ఏదైనా చెల్లుతుంది. చలికాలంలో పంచె కట్టేవారు లోపల ఒంటికి అతుక్కునే వెచ్చటి పైజమా తొడిగి, బయట పొడవాటి ఓవర్‌కోటు వేసుకుని హాల్లోకి వచ్చాక విప్పేస్తారు.

విందు అయ్యాక బట్టల సంరక్షణ కూడా ఎంపికలో భాగమే, ఎందుకంటే మంచి పట్టుపంచె ఒక తరానికి సరిపోతుంది. అక్షింతల పసుపు తెల్లబట్టకు అంటితే ముందు సబ్బు పెట్టకూడదు. సబ్బులోని క్షారానికి పసుపు ఎర్రబారుతుంది. చన్నీళ్ళతో కడిగి ఎండలో ఆరేస్తే నూలుబట్ట మీది మరక చాలామటుకు వెలిసిపోతుంది. కూర నూనె పడితే వెంటనే రుద్దకుండా, పైన కాస్త పౌడరు చల్లి పీల్చనిచ్చి తరవాత దులపాలి. పట్టును ఎండలో ఆరేస్తే రంగు వెలుస్తుంది, నీడలోనే గాలికి ఆరనిచ్చి నూలుగుడ్డలో చుట్టి దాచాలి. జరీ ఉన్న మడత అదేచోట ఉండిపోతే పోగులు తెగుతాయి. మూడు నాలుగు నెలలకోసారి విప్పి మడత మార్చాలి. కోటును వెడల్పాటి కొయ్య హ్యాంగర్‌కు తగిలించి, గుడ్డసంచీ తొడగాలి. డ్రైక్లీనింగ్ మరక పడినప్పుడే, ప్రతిసారీ అక్కర్లేదు. తరవాతి శుభలేఖ వచ్చేలోపు ఒకసారి తీసి తొడిగి చూసుకుంటే, నడుము దగ్గర విప్పవలసిన కుట్లేమైనా ఉంటే దర్జీకి వ్యవధి ఉంటుంది.