మాతృక, మరమ్మతు

తాళపత్ర ప్రతులతో పనిచేసిన వారికి మూడు మాటలు నిత్య పరిచితాలు: మాతృక, పాఠాంతరం, ప్రక్షిప్తం. పాత మోటారు కార్ల బేరంలో కూడా ఈ మూడే రాజ్యమేలుతున్నాయని పదవీ విరమణ చేసిన ఇన్నేళ్లకు తెలుసుకున్నాను.

కొత్తగూడెంలో వ్యాపారం చేసుకుంటున్న నా పూర్వ విద్యార్థి ఇంట 1966 నాటి స్టాండర్డ్ హెరాల్డ్ కారు ఒకటి ఉన్నది. అతని తండ్రి భద్రాచలంలో వైద్యులు. హెరాల్డ్ మద్రాసులో తయారైనదే గాని, పుట్టువు ఇంగ్లండుది. అక్కడ దాని పేరు ట్రయంఫ్ హెరాల్డ్. రూపకర్త మికెలొట్టి అనే ఇటలీ దేశస్థుడు. ఆయనే 1962లో వచ్చిన స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారుకూ రూపమిచ్చాడు. హెరాల్డ్ చాసిస్‌నే కుదించి, 91.5 అంగుళాల చక్రాల దూరాన్ని 83కు తగ్గించి, దానిపై స్పిట్‌ఫైర్‌ను నిలబెట్టారు. కనుక మన డాక్టరుగారి బండి ఒక బ్రిటిష్ పందెపు గుఱ్ఱానికి అక్క వరుస అన్నమాట!

1986 ఆగస్టులో గోదావరి భద్రాచలం వద్ద 75.6 అడుగులకు చేరింది. నేటికీ అంతటి వరద మళ్లీ రాలేదు. ఆ నీటిలో కారు పైకప్పు దాకా మునిగింది. పాల్వంచ మెకానిక్ ఒకాయన తడిసిన ఇంజనును విప్పకుండానే దించివేసి, మరొక డీజిల్ ఇంజనును అమర్చాడు. డాక్టరుగారు ఆ బండిలోనే మరి పదేళ్లు దుమ్ముగూడెం, చర్ల వైపు పల్లెలకు వెళ్లి రోగులను చూశారు. పాత ఇంజను గోనెపట్టాలో చుట్టుకొని పశువుల కొట్టంలో ఉండిపోయింది. ఆర్.సి. పుస్తకంలో పాత ఇంజను అంకెను ఎఱ్ఱసిరాతో కొట్టివేసి, పైన కొత్తది వ్రాశారు. వ్రాయసకాని దిద్దుబాటు ఎలా ఉంటుందో అచ్చంగా అలాగే.

నిరుడు మనుమరాలికి వైద్య కళాశాలలో సీటు వచ్చింది. ఫీజుకై కారు అమ్మక తప్పలేదు. హైదరాబాదు నుండి పాత కార్లు సేకరించే పెద్దమనిషి వచ్చాడు. వెలిసిన రంగును చూసి ముఖం చిట్లిస్తాడనుకున్నాము. ఆయన నేలపై వెల్లకిలా పడుకొని, టార్చిలైటు వేసి చాసిస్ అంకెను చదివి, పుస్తకంతో సరిచూసుకున్నాడు. పిదప, "పాత ఇంజను ఉన్నదా?" అని అడిగాడు. ఉంటే ఒక ధర, లేకుంటే అందులో సగం. "ఇంకొక్క మాట, అమ్మేముందు రంగు వేయించకండి" అని చెప్పి వెళ్లాడు. రంగు ఒక్కసారి పోతే ఏ ఖార్ఖానా మళ్లీ ఆ తొలిపూతను పూయలేదు కదా.

ఇంగ్లండు, అమెరికాలలో ఈ లెక్క ఇంకా కఠినం. 1956లో లెమాన్ పోటీ గెలిచిన జాగ్వార్ డి-టైప్ 2016 వేలంలో 2 కోట్ల 17 లక్షల డాలర్లకు పైగా పలికింది. ఆ పోటీలో పరుగెత్తిన చాసిస్, పైతొడుగు దానికి నిలిచి ఉండటం అందుకొక కారణం. దీనికి భిన్నమైన కథ 1990 నాటిది. 1929, 1930లలో అదే పోటీ నెగ్గిన బెంట్లీ "ఓల్డ్ నంబర్ వన్"ను కోటి పౌండ్లకు కొనబోయి, తొలి భాగాలు దాదాపు ఏవీ మిగలలేదు గనుక ఇది అసలుది కాదని వెనుదీశారు. వ్యాజ్యం కోర్టుకెక్కింది. మార్పులు ఒకదాని వెంట ఒకటిగా జరిగినా బండి ఏనాడూ ఉనికి కోల్పోలేదు గనుక అది ఆ పేరుకు తగినదేనని న్యాయమూర్తి ఆటన్ తీర్పు చెప్పాడు. జీర్ణోద్ధరణ ఎఱిగిన మనకు ఈ తీర్పు వింతగా తోచదు. రాయి మారినా ఆలయం అదే.

మన ప్రభుత్వ నిబంధన మాత్రం బెంట్లీ పక్షం కాదు. 2021 జూలైలో వచ్చిన నియమాల ప్రకారం ఏబదియేళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పు లేక మూలరూపంలో ఉన్న బండికే వింటేజ్ గుర్తింపు, 'వి.ఎ.' అక్షరాల నంబరు. డీజిల్ ఇంజనుతో ఆ గుర్తింపును ఆశించలేము.

మా వాడు నన్నడిగిన ప్రశ్న ఇది: "మాస్టారూ, పాత ఇంజను ఎక్కిస్తే అది ఫ్యాక్టరీ నుండి వచ్చిన బండి అవుతుంది. నాన్నగారు ఊళ్లు తిరిగిన బండి ఏమవుతుంది?"

సి.పి. బ్రౌను దొర ఒక్కొక్క కావ్యానికి పలు ప్రతులు తెప్పించి, పండితులచేత పోల్చి చూపించి శుద్ధప్రతులు వ్రాయించాడు. మంచి పరిష్కర్త మాతృకకు దగ్గరి పాఠాన్ని పైన నిలుపుతాడు, తక్కిన పాఠాన్ని అడుగున చూపుతాడు, చింపి పారవేయడు. నేనూ అదే చెప్పాను. పాత ఇంజను ఎక్కించు. డీజిల్ ఇంజను అంకె, అది నడిచిన ఏళ్లు, తిరిగిన ఊళ్లు ఒక కాగితంపై వ్రాసి కొనేవానికి ఇవ్వు. ఆ ఇంజనును మాత్రం నీవే ఉంచుకో. ఎఱ్ఱసిరా పుటను మార్పించవద్దని కూడా అన్నాను. మా వాడు వెంటనే ఔననలేదు, రెండు రోజులు ఆలోచించాడు.

ఇప్పుడు ఇంజను పాల్వంచలోనే, ఆనాటి మెకానిక్ కొడుకు చేతిలో ఉన్నది. విప్పగా లోపల నీటి దారులలో గోదావరి ఒండ్రు ఎండి ఇటుకలా గట్టిపడి ఉన్నదట. రెండు పిస్టన్లు కదిలాయి. తక్కిన రెండింటికి కిరోసిను పోసి నానబెట్టారు. కళాశాలలో రెండవ విడత ఫీజు గడువు వచ్చే నెల పదవ తేదీ.