కల్పభేదం

‘రీబూట్’ అనే మాట కంప్యూటర్ల గదిలో పుట్టింది. మొరాయించిన యంత్రాన్ని ఆపి, తిరిగి మొదటినుంచి నడిపించడం దాని అర్థం. ఆ మాట ఇప్పుడు కథల లోకానికి వలస వచ్చింది. అమెరికాలో దశాబ్దాల తరబడి నెలనెలా వెలువడే సూపర్‌హీరో బొమ్మల కథలలో పాత్రల జీవితాలు విడదీయరానంతగా చిక్కుపడినప్పుడు, ప్రచురణకర్తలు అంతవరకు జరిగినదాన్ని పక్కకు నెట్టి, నాయకుని పుట్టుకనుంచి కథను మళ్లీ ఎత్తుకుంటారు. దానినే రీబూట్ అంటున్నారు. దీనికి నేను ‘పునరారంభం’ అని తెలుగు చేసి చెబితే మా విద్యార్థులు మర్యాదకోసం తల ఊపారే గాని, ఆ మాటను ఒక్కరూ వాడలేదు.

విజయవాడ జూనియర్ కళాశాలలలో చదివే పిల్లలకు ప్రవేశపరీక్షల ధ్యాస తప్ప మరొకటి ఉండదని లోకం అనుకుంటుంది. మధ్యాహ్నం భోజనాల వేళ వారి పక్కన పది నిమిషాలు కూర్చుంటే ఆ అభిప్రాయం నిలవదు. 2025 జులైలో ‘సూపర్‌మ్యాన్’ సినిమా కొత్త నటునితో, కొత్త కథాక్రమంతో వచ్చింది. అంతకుముందు పదేళ్లపాటు అల్లుకుంటూ వచ్చిన సినిమాల వరుస దాదాపుగా తెరమరుగైంది. మార్వెల్ వారి లోకానికి కూడా ఇదే గతి పట్టనున్నదా అన్నది వీరి వాదం. ఏదో ఒక సంచికలో ఒక పాత్ర వెనుక గోడమీద కనిపించిన గుర్తును చూపి, పాత లోకం కూలిపోవడం ఖాయమని ఒకడు అంటాడు. అదే గుర్తుకు ఇంకొక అమ్మాయి వేరే అర్థం చెబుతుంది. శ్లోకంలోని ‘చ’కారానికి సైతం ప్రయోజనం చెప్పే వ్యాఖ్యాతల గ్రంథాల మధ్య ముప్పై ఏళ్లు గడిపిన నాకు ఆ తర్కం కొత్తగా తోచలేదు. పూర్వపక్షం, ఖండనం, సిద్ధాంతం అన్నీ ఉన్నాయి. లేనిదల్లా సంస్కృతమే.

ఇది వట్టి కాలక్షేపం కాదని నాకు తెలియజెప్పినవాడు అవనిగడ్డ వైపునుంచి వచ్చి వసతిగృహంలో ఉంటున్న ఒక విద్యార్థి. అతడు ఒకనాడు నాకొక లావుపాటి నోటుపుస్తకం చూపించాడు. ఒక కథాలోకంలో ఏ ఏడు ఏమి జరిగిందో, ఎవరు ఎవరితో పోరాడారో, ఎవరు చనిపోయి ఎలా తిరిగివచ్చారో అందులో వరుసగా రాసి ఉంది. సగం వరకు నీలిసిరా. అది అతని అన్నగారి దస్తూరి. ఆ అన్న పైచదువుకు అమెరికా వెళ్లాడు. చదువు, కొలువు, కొత్త కాపురం, ఇక ఆ పుస్తకం సంగతి మరిచాడు. అక్కడినుంచి తమ్ముడు ఎనిమిదో తరగతిలో ఉండగా అందుకుని నల్లసిరాతో రాస్తూ వచ్చాడు. “మళ్లీ మొదలుపెడితే అన్నయ్య రాసిందంతా జరగనట్టేగా సార్?” అని అడిగాడు. తాను రాసిన భాగం గురించి అడగలేదు.

అతని భయానికి ఆధారం లేకపోలేదు. 1938లో మొదలైన సూపర్‌మ్యాన్ కథ, దానితోపాటు పెరిగిన ఇతర వీరుల కథలు అనేకమంది రచయితల చేతులు మారుతూ వచ్చాయి. ‘ఫ్లాష్’ అనే వీరుడు 1940లలో ఒకడు, 1950లలో అదే పేరుతో వేరొకడు. ఇద్దరూ ఎలా ఉంటారని పాఠకుడు అడుగుతాడు కదా! అందుకు 1961లో ఒక రచయిత, పాతవాడు మరొక భూమిమీద ఉన్నాడని సమాధానం కల్పించాడు. ఒక భూమి రెండయింది. రెండు పదులైనాయి. లెక్క తప్పిపోయిందని గ్రహించిన డీసీ సంస్థ 1985–86లో పన్నెండు సంచికల మహాకథ నడిపి, ఆ భూములన్నింటినీ ప్రళయంలో కలిపి ఒక్కటి చేసింది. ఆ కథలో సూపర్‌గర్ల్ మరణిస్తుంది. మరణించడం పెద్ద విషయం కాదు, వీరులు మరణిస్తారు. కాని కొత్తగా మొదలైన లోకంలో ఆమె అసలు పుట్టనే లేదు! పాతికేళ్లకు పైగా ఆమె కథ చదివిన పిల్లలకు, వారి జ్ఞాపకం లెక్కలోకి రాదని చెప్పినట్లయింది.

2011లో అదే సంస్థ మరొక మారు యాభైరెండు పత్రికలను ఒకటో సంఖ్యనుంచి ప్రారంభించింది. అయిదేళ్లకే, 2016లో, పాత సూపర్‌మ్యాన్‌ను మళ్లీ పిలుచుకురావలసి వచ్చింది. వైరుధ్యాలను సరిచేయడానికే ఇదంతా అని వారు చెబుతారు. అందులో నిజం ఉంది. అయితే అట్టమీద ‘1’ అనే అంకె ఉంటే కొత్త పాఠకుడు జంకకుండా కొంటాడన్నది ఇంకా పెద్ద నిజమని నా అనుమానం.

మన పౌరాణికులకు ఈ చిక్కు ఎప్పుడో ఎదురైంది. ఒకే కథ ఒక పురాణంలో ఒక రీతిగా, వేరొక పురాణంలో ఇంకొక రీతిగా ఉంటుంది. శ్రోత లేచి ఏది నిజమని అడిగితే, పౌరాణికుడు తడుముకోకుండా చెప్పే సమాధానం ‘కల్పభేదం’. కల్పమంటే బ్రహ్మదేవునికి ఒక పగలు, మానవ గణనలో 432 కోట్ల సంవత్సరాలు. ప్రతి కల్పంలోను సృష్టి తిరిగి జరుగుతుంది, రాముడు తిరిగి పుడతాడు, కథ కొంచెం పక్కకు జరుగుతుంది. యోగవాసిష్ఠంలో భుశుండుడనే చిరంజీవి అయిన కాకి, ఇటువంటి సృష్టులెన్నింటినో చూసి, ఒక్కొక్కసారి సంగతులు ఒక్కొక్క విధంగా జరిగాయని గుర్తుచేసుకుంటుంది. అధ్యాత్మ రామాయణంలోని సీతాదేవి మరింత చమత్కారి. తనను అడవికి తీసుకువెళ్లనన్న రాముణ్ణి, ఇన్ని రామాయణాలు విన్నాం కదా, సీత లేకుండా రాముడు వనవాసానికి వెళ్లినది ఎక్కడైనా ఉన్నదా అని నిలదీస్తుంది. కథలోని పాత్రే తన కథకున్న ఇతర పాఠాలను సాక్ష్యానికి పిలుస్తున్నది. ఈ ఘట్టం చెప్పినప్పుడు తరగతిలో వెనుక వరుసలో నిద్రపోతున్నవారు కూడా లేచి కూర్చున్నారు.

రీబూట్‌కూ కల్పభేదానికీ ఉన్న తేడా ఇక్కడే బయటపడుతుంది. కల్పభేదం దేనినీ జరగలేదనదు. అదీ జరిగింది, ఇదీ జరిగింది. నీవు విన్నది ఒక కల్పంలోది, నేను చెప్పేది మరొక కల్పంలోది అంటుంది. దీనిని తప్పించుకునే ఉపాయమని ఆధునిక పండితులు కొందరు పరిహసించారు. వారు ‘ప్రక్షిప్తం’ అనే కత్తెర చేతబట్టారు. తరువాతి కాలంలో చేరిన శ్లోకాలను ఏరివేయడం వారి పద్ధతి. పుణేలోని భండార్కర్ సంస్థ 1919లో మహాభారతానికి ఇటువంటి పరిశోధిత ముద్రణ ప్రారంభించి 1966లో ముగించింది. కాని ఆ పండితులు సైతం ఏరివేసిన శ్లోకాలను పారవేయలేదు. పుటల అడుగున, అనుబంధాలలో వాటిని జాగ్రత్తగా అచ్చువేశారు. నా పరిశోధన రోజులలో నేను పై శ్లోకాలకంటె ఆ అడుగున ఉన్నవే ఎక్కువగా చదివాను.

ఇక మా కృష్ణా మండలం సంగతి. కథను మళ్లీ మొదలుపెట్టడంలో ఈ నేలకు అలుపు లేదు. 1887లో అంగలూరులో పుట్టిన త్రిపురనేని రామస్వామి చౌదరి ‘శంబుకవధ’ నాటకంలో రామరాజ్యాన్ని శంబుకుని వైపునుంచి చూపారు. 1895లో నందమూరులో పుట్టిన విశ్వనాథ సత్యనారాయణ ‘రామాయణ కల్పవృక్షం’ రాశారు. రామాయణం మళ్లీ ఎందుకన్న ప్రశ్నను ఆయనే లేవనెత్తి, ఎవరి అనుభవం వారిదన్న భావంతో బదులిచ్చుకున్నారు. జ్ఞానపీఠ పురస్కారం తెలుగుకు మొదటిసారి లభించింది ఆయన ద్వారానే. ఆ పేరుకు ఎదురుగా రంగనాయకమ్మ 1970లలో ‘రామాయణ విషవృక్షం’ సంపుటాలు వెలువరించారు. నిమ్మకూరులో పుట్టిన ఎన్.టి. రామారావు సంగతి చెప్పనక్కరలేదు. 1977 సంక్రాంతికి ఆయన ‘దానవీరశూరకర్ణ’, కృష్ణ కథానాయకుడైన ‘కురుక్షేత్రం’ ఒకే రోజున విడుదలైనాయి. భారతయుద్ధాన్ని ఉదయం ఒక విధంగా, సాయంత్రం మరొక విధంగా చూసే అవకాశం తెలుగువారికి ఆ పండుగకు దక్కింది. వీరిలో ఎవరూ ఎవరి అనుమతికోసమూ కాచుకోలేదు. ఒకరి కథ మరొకరి కథను రద్దుచేయనూ లేదు. పోట్లాటలు మాత్రం ఘనంగా జరిగాయి. ఇప్పటికీ జరుగుతున్నాయి, జరగనివ్వండి.

గుడివాడ దగ్గరి మా ఊళ్లో మా నాయనమ్మ ఉండేది. ఆమెకు చదువు రాదు. సురభి వారి నాటకంగాను, 1957లో వచ్చిన సినిమాగాను ‘మాయాబజార్’ను ఎన్నిసార్లు చూసిందో ఆమెకే తెలియదు. ఘటోత్కచుడంటే ఆమెకు నూజివీడులో పుట్టిన ఎస్.వి. రంగారావే. నేను పరిశోధన చేస్తున్న రోజులలో, వ్యాసభారతంలో శశిరేఖ అనే పాత్రే లేదని ఆమెకు చెప్పాను. ఆమె వత్తులు చేసుకోవడం ఆపకుండానే, “పద్దెనిమిది పర్వాలు చెప్పుకొచ్చినాయన, ఆ పిల్ల సంగతి చెప్పడానికి తీరికై ఉండదు నాయనా” అన్నది. శశిరేఖ ఉన్నదనడంలో ఆమెకు సందేహం లేదు. వ్యాసుని తీరిక గురించే సందేహం.

ఆ మాట అనగల ధైర్యం మా విద్యార్థులకు లేకపోవడమే నన్ను బాధిస్తుంది. తెలివికి తక్కువ కాదు వారు. కాని వారు ప్రేమించే కథకు యజమాని ఉన్నాడు. ఆ లోకంలో ఏది జరిగిందో, ఏది జరగలేదో సముద్రాల అవతలి కార్యాలయమొకటి నిర్ణయించి ప్రకటిస్తుంది. వీరు గోడమీది గుర్తులు చూసుకుంటూ ఆ ప్రకటనకోసం ఎదురుచూస్తారు. యజమాని ఉన్న కథ ఎంత నిస్సహాయమో మా తరానికీ కొంత తెలుసు. ‘మాయాబజార్’ తీసిన నాగిరెడ్డి, చక్రపాణిగార్లే 1947లో ప్రారంభించిన ‘చందమామ’ చేతులు మారి, 2010 దాటిన కొద్దికాలానికే ఆగిపోయింది. మళ్లీ వస్తుందట, రాదట అని ఏలూరు రోడ్డు పుస్తకాల దుకాణాలలో చాలాకాలం చెప్పుకున్నాం. రాలేదు. కాని పాత సంచికలలో బేతాళుడు ఇప్పటికీ చెట్టెక్కుతూనే ఉన్నాడు. ఆ సంచికలను దాచుకున్నవారు దాచుకున్నారు, అంతే.

నోటుపుస్తకం విద్యార్థికి నేను చెప్పింది కొద్దిగానే. సంస్థవారు ఏమి ప్రకటించినా, అన్నయ్య రాసినది ఒక కల్పమనుకో. కొత్తది మొదలైతే కొత్త పుస్తకం కొనుక్కో అన్నాను. అతడు ఒప్పుకున్నట్లే కనిపించాడు. అంతలో వేరొక విద్యార్థిని అడ్డు తగిలింది: “అసలు మళ్లీ మొదలుపెట్టడం మంచిదా సార్, ఉన్నదాన్నే కొనసాగించడం మంచిదా?”

మంచి ప్రశ్న. దీనికి కవిత్రయం కంటె తగిన ఉదాహరణ నాకు తెలియదు. పదకొండో శతాబ్దంలో నన్నయ రాజరాజనరేంద్రుని కోరికపై భారతాన్ని తెలుగు చేయడం ప్రారంభించి, అరణ్యపర్వం నడుమ ఆగిపోయాడు. పదమూడో శతాబ్దంలో తిక్కన వచ్చాడు. ఆయన ప్రతిభకు ఆదిపర్వంనుంచి తానే మొదలుపెట్టి ఉంటే అడ్డుచెప్పేవారెవరు? అయినా ఆయన నన్నయ రచనను ముట్టలేదు. అరణ్యపర్వ శేషాన్ని అలాగే ఉంచి, విరాటపర్వంనుంచి తనదైన శైలిలో సాగాడు. అరణ్యపర్వం అచ్చిరాదన్న భయమే కారణమని పెద్దలు చెప్పుకునే ఐతిహ్యం ఒకటి ఉంది గాని, తిక్కన వంటివాడు భయపడ్డాడంటే నేను నమ్మను. నడుమ ఖాళీ అలాగే ఉండిపోయింది.

దానిని పూరించినది పద్నాలుగో శతాబ్దపు ఎఱ్ఱన. ఆయన రచన నన్నయ శైలికి దగ్గరగా మొదలై, పోనుపోను తిక్కన వైపు ఒదుగుతుందని విమర్శకులు అంటారు. తన ఊరు, తన రాజు, తన కాలం అన్నీ వేరు. ప్రోలయ వేమారెడ్డి ఆస్థానంలో ఉన్నవాడు. అయినా ఆ అరణ్యపర్వ శేషాన్ని ఆయన తన ప్రభువుకు అంకితమివ్వలేదు. రాజరాజనరేంద్రునికే ఇచ్చాడు. ఆ రాజు కాలంచేసి అప్పటికి రెండున్నర శతాబ్దాలు దాటింది.