సొట్ట మానిక



పోయిన జనవరిలో పని మీద హైదరాబాదు వెళ్లాను. అబిడ్స్‌లో సండేస్కూలు పిల్లలకు బట్టలు కొని, నాంపల్లి నుమాయిష్ దాకా నడిచాను. అబిడ్స్ అన్న పేరు ఒక దుకాణం వల్లే వచ్చింది. ఆరవ నిజాం దగ్గర కొలువు చేసిన ఆల్బర్ట్ అబిద్ అక్కడ అంగడి పెట్టాడు. అంగడి పోయింది, పేరు మిగిలింది. నుమాయిష్ 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై, 1946లో ఇప్పుడున్న మైదానానికి మారింది. ఆ జనంలో ఒక స్టాలు ముందు నా కాళ్లు ఆగిపోయాయి. గిరిజన తేనె, కుంకుడుకాయలు, చింతపండు. మన అడవి సరుకే.

మన భద్రాచలం ఏజెన్సీలోని డిపో గుర్తొచ్చింది. గిరిజన సహకార సంస్థ 1956లో పుట్టింది. మనవాళ్లు ఏరుకొచ్చిన చింతపండు, తేనె, తపసి జిగురు, ముష్టి గింజలు డిపోలో ముందుగా చెప్పిన ధరకు కొంటారు. ఉప్పు, పప్పు, బియ్యం, సబ్బు అక్కడే అమ్ముతారు. ఇలా ఎందుకు పెట్టారో మన పెద్దలకు తెలుసు. అంతకుముందు ఉప్పు కావాలన్నా, అప్పు కావాలన్నా షావుకారే దిక్కు. సరుకుకు ధర కట్టేదీ అతనే.

డిపోలు వచ్చాక కూడా చాలా ఊళ్లలో షావుకార్ల కొట్లు నడిచాయి. మా నాన్న అలాంటి ఒక కొట్లో గుమాస్తా. సెలవుల్లో నేనూ కూర్చునేవాణ్ణి. అక్కడ రెండు మానికలు ఉండేవి. ఇప్పపువ్వు కొలిచి తీసుకోవడానికి పెద్దది. ఉప్పు కొలిచి ఇవ్వడానికి అడుగు సొట్టపోయినది. ఏది ఎప్పుడు అందించాలో పదేళ్లకే నాకు తెలుసు. కోయ ఆడవాళ్లు మారుమాట్లాడకుండా ఆ ఉప్పు కొంగున కట్టుకుని పోయేవారు. వాళ్లకు తెలియదని అనుకునేవాణ్ణి.

ఆ ఊళ్లకే దేవుడు నన్ను సేవకుడిగా పంపాడు. మొన్న వానాకాలంలో ఒక అవ్వ డిపోలో తెచ్చుకున్న బియ్యం మూట నెత్తిన పెట్టుకుని సరాసరి మా ఇంటికి వచ్చింది. "అయ్యగారూ, మీ కాటాలో ఒకసారి తూచండి" అంది. తూచాను. తూకం సరిగ్గా ఉంది. ఆమె నవ్వుకుంటూ వెళ్లింది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. డిపోలో తప్పు లేదు. ఆమెకు ఆ అనుమానం నేర్పిన చేతుల్లో నా చేతులూ ఉన్నాయి.

నుమాయిష్ నుంచి తిరిగొచ్చిన ఆదివారం ఈ సంగతి సంఘం ముందు ఒప్పుకున్నాను. ఆరాధన అయ్యాక అవ్వ నా దగ్గరికి వచ్చింది.

"ఆ సొట్ట మానిక మాకు తెలుసయ్యగారూ. ఉప్పు లేకుండా ఇంటికెట్లా పోతాం?"

ప్రియులారా, నుమాయిష్‌లో ధర నచ్చకపోతే పక్క స్టాలుకు పోవచ్చు. కొండ మీద పక్క స్టాలు లేదు. వాక్యంలో దేవుడు తూకపు రాళ్ల గురించి అన్నిసార్లు ఎందుకు హెచ్చరించాడో నాకిప్పుడు అర్థమవుతోంది. మీలో డిపోలో పనిచేసేవారున్నారు, సంతలో కొట్టు పెట్టుకున్నవారున్నారు. మీ ఎదుట నిలబడ్డ మనిషి మౌనంగా ఉన్నాడంటే తూకం సరిపోయిందని కాదు. ఈ వారం మీ కాటాను ఒకసారి చూసుకోండి. నేను నా మాటలను, సంఘం చందా లెక్కలను చూసుకుంటాను.

ప్రభువు మనలను సరిచేయును గాక. ఆమెన్.